అంగిలి క్యాన్సర్ బ్లాకుల మీద పీ53, కేఐ-67: థీసిస్‌కి సలహాలు కావాలి (వైజాగ్ పాథాలజీ వాళ్లు చూడండి)

ఇసుకతోట_పీజీ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఎండీ పాథాలజీ పీజీని, ఇక్కడ వైజాగ్‌లోనే. థీసిస్ టాపిక్ దాదాపు ఖాయమైంది. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద వచ్చే మచ్చల్లో, క్యాన్సర్లలో పీ53, కేఐ-67 మార్కర్లు ఎలా కనిపిస్తాయో చూడాలని.

పాథాలజీ వాళ్లు కానివాళ్ల కోసం: పీ53 కణ విభజనని అదుపులో పెట్టే ప్రోటీన్, కేఐ-67 విభజన చెందే కణాల్లో కనిపించే ప్రోటీన్. అడ్డపొగ అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విజయనగరం, మన జిల్లా పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో ఇప్పటికీ ఉంది. వేరే చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. అందుకే పుస్తకాల్లో నాలుకకి, బుగ్గకి పేజీలకి పేజీలు ఉంటాయి, అంగిలికి ఒక పేరా ఉంటుంది. మా ట్రేలోకి వచ్చే స్లైడ్లు చూస్తే ఆ పేరా సరిపోదనిపిస్తుంది.

నా సందేహాలు మూడు. పాత పారాఫిన్ (మైనం) బ్లాకుల మీద ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో ప్రోటీన్లకి రంగు పట్టించే పరీక్ష) నమ్మకంగా వస్తుందా? పీ53 ఎంత శాతం కణాల్లో కనిపిస్తే పాజిటివ్ అనాలన్న కటాఫ్ ఒక పేపర్‌లో 5 శాతం, ఇంకో దాంట్లో 10 శాతం అని ఉంది, దేన్ని పట్టుకోవాలి? అసలు ఈ రెండు మార్కర్లు చూసి ఏదైనా కొత్తగా చెప్పగలనా, లేక డిగ్రీ కోసం చేసే ఇంకో థీసిస్ అవుతుందా? మూడోదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

---

మహారాణిపేట_మాస్టారు | సోమవారం, రాత్రి 11:05

అమ్మా, నీ టాపిక్ మన ఊరి పాథాలజీ వాళ్ల సొంత ఆస్తి. ముందు అది తెలుసుకో, తర్వాత యాంటీబాడీల సంగతి.

1923లో పెట్టిన ఆంధ్ర మెడికల్ కాలేజీకి ఈ జబ్బుతో చాలా పాత పరిచయం. కోస్తా ఆంధ్రలో వచ్చే అంగిలి క్యాన్సర్‌కి, నిప్పు లోపల పెట్టుకుని చుట్ట తాగడానికి ఉన్న సంబంధాన్ని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో రాశారు. 1971లో డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి ఫాలీ మెహతా బృందం కలిసి మన వైపు పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు చూసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వేశారు. 1974లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం పేపర్ అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌లో వచ్చింది. ఇవన్నీ తెచ్చుకుని చదువు. థీసిస్‌లో రివ్యూ రాసేటప్పుడు ఎక్కడో జపాన్ పేపర్‌తో మొదలుపెట్టకు, వీళ్లతో మొదలుపెట్టు.

వాళ్ల చేతిలో ఉన్నవి హెచ్ అండ్ ఈ (మామూలు రంగులు వేసిన) స్లైడు, మైక్రోస్కోపు, రోగి చెప్పిన కథ. కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసే పద్ధతి కనిపెట్టింది 1975లో. పీ53 బయటపడింది 1979లో, కేఐ-67 యాంటీబాడీ వచ్చింది 1983లో. అంటే ఆ స్లైడ్లు చూసినవాళ్లకి లేని కన్ను ఒకటి నీకు ఉంది. మూడో సందేహానికి నా జవాబు ఇదే.

ఇక రెండోది. పీ53లో శాతం వెంట పడకు, తీరు చూడు. మామూలు పీ53 ప్రోటీన్ కణంలో ఎక్కువసేపు నిలవదు. అందుకే మామూలు అంగిలి పొరలో అడుగు వరుసలో అక్కడక్కడా, ఒకటి గాఢంగా, పక్కది లేతగా మరకలు పడతాయి. జన్యువులో ఒక రకం మ్యుటేషన్ వస్తే ప్రోటీన్ విరగకుండా పోగుపడుతుంది. అప్పుడు కేంద్రకాలన్నీ ఒక్కలాగే చిక్కగా గోధుమరంగు పట్టేస్తాయి. ఇంకో రకం మ్యుటేషన్‌లో ప్రోటీన్ పూర్తిగా తయారవకుండానే ఆగిపోతుంది. అప్పుడు ట్యూమర్ కణాల్లో సున్నా, ఒక్క మరకా ఉండదు. ఈ సున్నా కూడా జబ్బే! పాత పేపర్లలో చాలావాటిలో ఈ సున్నాని, మామూలు పొరని ‘నెగటివ్’ అని ఒకే గాటన కట్టేశారు. ఆ సున్నాల్లో ఎన్ని నిజమైన మ్యుటేషన్లో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

సున్నా కనిపించినప్పుడు అదే స్లైడులో లింఫోసైట్లు, ఫైబ్రోబ్లాస్టులు చూడు. వాటిలో కొంచెమైనా మరక ఉంటే స్టెయిన్ పనిచేసింది, ట్యూమర్‌లో నిజంగానే లేదు. వాటిలోనూ లేకపోతే ఆ స్లైడు చెల్లదు, మళ్లీ చెయ్యాలి.

---

మైక్రోటోమ్ | మంగళవారం, ఉదయం 7:15

మేడమ్, నేను హిస్టోపాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాస్టారు చూసే సంగతి చెప్పారు, చేసే సంగతి నేను చెప్తా.

పాత బ్లాకు అని భయం వద్దు. మైనంలో ఉన్న ముక్క చాలా ఏళ్లు నిలుస్తుంది. తేడా అంతా ఆ ముక్క మైనంలోకి వెళ్లకముందు ఏమైందన్నదే. సరిగ్గా చేసిన పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకి కనీసం పది రెట్లు ద్రవం ఉండేలా వేస్తే మంచిది. కానీ మాకు వచ్చేవి ఎలా వస్తాయి? కొన్ని సెలైన్‌లో. కొన్ని గాజుగుడ్డకి అంటుకుని ఎండిపోయి. కొన్ని చిన్న ఇంజక్షన్ సీసాలో, మూతి దగ్గర ముక్క ఇరుక్కుని. ఫార్మలిన్ అందక లోపల కుళ్లిన ముక్క మీద పీ53 సున్నా వస్తే అది మ్యుటేషనా, మన నిర్లక్ష్యమా? అందుకే ముందు పాత హెచ్ అండ్ ఈ స్లైడు తీసి చూడండి. కేంద్రకాలు చెదిరిపోయి, పొర అలికేసినట్టుంటే ఆ బ్లాకు పక్కన పెట్టేయండి.

అంగిలి ముక్కతో ఇంకో తంటా ఎముక. క్యాన్సర్ ఎముకలోకి దిగితే ఆపరేషన్ ముక్కలో ఎముక వస్తుంది, దాన్ని మెత్తబరచడానికి యాసిడ్‌లో వేస్తారు. యాసిడ్ దెబ్బకి కేఐ-67 బాగా పడిపోతుంది. రిజిస్టర్‌లో ‘డీకాల్’ అని రాసి ఉన్నవి విడిగా కట్టండి, మిగతావాటితో కలిపి లెక్కేస్తే మీ సగటు మొత్తం పాడవుతుంది. ఇకమీదట వచ్చేవాటికి యాసిడ్ బదులు ఈడీటీఏ వాడమని అడగండి. ఆలస్యం అవుతుంది, కానీ మార్కర్ బతుకుతుంది.

కోసేటప్పుడు 3, 4 మైక్రాన్లు. స్లైడు తప్పనిసరిగా ముక్క గట్టిగా అంటుకునే చార్జ్‌డ్ స్లైడే. అడ్డపొగ వాళ్ల అంగిలి పైపొర దళసరిగా, కొమ్ములా గట్టిపడి ఉంటుంది. మామూలు స్లైడు మీద వేసి సిట్రేట్ బఫర్‌లో ప్రెషర్ కుక్కర్ పెట్టారంటే ఆ పొర మొత్తం లేచి బఫర్‌లో తేలుతుంది. మీకు కావాల్సిందేమో ఆ పొరే. కుక్కర్ కూడా విజిల్ వచ్చాక చల్లారనిచ్చి తియ్యాలి, తొందరపడి మూత తీస్తే స్లైడు ఆరిపోతుంది, అంచులన్నీ గోధుమరంగు పట్టి మోసం చేస్తాయి. మే నెలలో కోసేపనైతే బ్లాకులు ఐసు మీద పెట్టుకోండి, మన ఊరి ఉక్కకి మైనం సాగిపోయి రిబ్బన్ రాదు.

అన్నీ ఒకేసారి కోసేసి డబ్బాలో నెలల తరబడి దాచొద్దు. కోసిన స్లైడు మీద యాంటిజెన్ తగ్గిపోతూ ఉంటుంది. స్టెయిన్ చేసే వారంలోనే కోయించుకోండి.

---

గాజువాక_ఈఎన్‌టీ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

పైవాళ్లందరి మీద గౌరవంతోనే ఒక మాట చెప్తాను. నా ఓపీకి వచ్చే అంగిలి క్యాన్సర్ ఆడవాళ్లు ఎలా వస్తారో తెలుసా? ‘నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి బాబూ’ అంటూ వస్తారు. అంటే అంగిలికి చిల్లు పడింది. అంతకు ముందు ఏళ్ల తరబడి నోట్లో తెల్లమచ్చ, దాని పక్కన ఎర్రగా, తర్వాత పుండు. ఒక్కసారైనా ఎవరో ఒకరు నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూసుంటే అక్కడే ఆగేది. చిల్లు పడ్డాక పీ53 ఎంతుంటే ఏమిటి?

ఈ యాంటీబాడీల ఖర్చు చిన్నది కాదు. ఆ డబ్బుతో పలాస, టెక్కలి, చీపురుపల్లి వైపు నాలుగు శిబిరాలు పెట్టి నోళ్లు చూస్తే ఎక్కువ మంది బతుకుతారని నా నమ్మకం. పైగా అడ్డపొగ మానేస్తే మొదటి దశలో మచ్చలు చాలావరకు తగ్గుముఖం పడతాయి. దానికి మార్కర్ అక్కర్లేదు, ఇంట్లోవాళ్లు గట్టిగా పట్టుబడితే చాలు.

---

ఇసుకతోట_పీజీ | మంగళవారం, సాయంత్రం 6:30

సార్, మీరు చెప్పింది కాదనను. కానీ మీరు శిబిరం పెట్టారనుకోండి. ఊళ్లో అడ్డపొగ తాగేవాళ్లలో చాలామందికి అంగిలి మీద ఏదో ఒక మార్పు ఉంటుంది. తెల్లబడడం, గోధుమ మచ్చలు, చిన్న లాలాజల గ్రంథుల మూతుల దగ్గర ఎర్రచుక్కలు. వాళ్లందరికీ క్యాన్సర్ రాదు. ఎవరిని వెంటనే వైజాగ్ పంపాలి, ఎవరిని ఆరు నెలలకి మళ్లీ చూడాలి? బయాప్సీ తీస్తే నేను ‘మైల్డ్ డిస్‌ప్లేజియా’ (క్యాన్సర్ కాకపోయినా కణాలు కొద్దిగా చెడడం) అని రాస్తాను, మా గైడ్ గారు అదే స్లైడు చూసి ‘మోడరేట్’ అంటారు. ఆ తేడా దగ్గర కేఐ-67 ఉపయోగపడుతుందని నా ఆశ. మామూలు పొరలో అది అడుగున ఉండే ఒకటి రెండు వరుసల్లోనే ఉంటుంది, పొర చెడేకొద్దీ విభజన చెందే కణాలు పైకి ఎక్కుతాయి. ఎంత ఎత్తుకి ఎక్కాయో కొలవాలనుకుంటున్నాను.

---

మహారాణిపేట_మాస్టారు | మంగళవారం, రాత్రి 10:10

ఈఎన్‌టీ డాక్టర్ గారి బాధ న్యాయమైనది. నిజం చెప్పాలంటే నోటి మచ్చల విషయంలో ఇప్పటిదాకా ఏ మార్కరూ హెచ్ అండ్ ఈలో చూసే డిస్‌ప్లేజియా గ్రేడుని పక్కకు నెట్టలేదు. థీసిస్ చివర ‘పీ53 వల్ల క్యాన్సర్‌ని ముందే పసిగట్టవచ్చు’ అని రాయకు అమ్మా. ఒకే రోజు తీసిన ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూసే అధ్యయనం ఆ మాట చెప్పలేదు. అది చెప్పాలంటే అవే మనుషుల్ని ఏళ్ల తరబడి వెంబడించాలి.

కానీ డాక్టర్ గారూ, మరక అనవసరం అనే మాట నేను ఒప్పుకోను. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 కూడా ఒకప్పుడు పరిశోధన పేపర్లలో కనిపించే పేరు మాత్రమే. 1998లో హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందుకి అమెరికాలో అనుమతి వచ్చాక అదే మరక మందు రాయాలా వద్దా అని తేలుస్తోంది. మూడు ప్లస్ అంటే మందు, రెండు ప్లస్ అంటే ఫిష్ అనే జన్యు పరీక్షకి పంపడం. ఇవాళ వైజాగ్‌లో ఏ క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా ఈఆర్, పీఆర్ (హార్మోన్ రిసెప్టర్లు), హెర్2 రిపోర్ట్ లేకుండా రొమ్ము క్యాన్సర్ వైద్యం ముందుకి కదలదు.

ఇంకొకటి కూడా చెప్పాలనుంది. బోస్టన్‌లో పిల్లల లుకేమియాకి 1948లో అమినోప్టెరిన్ ఇచ్చి జబ్బుని తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టిన సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టే. ఆ మందు వచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన పరిశోధన శాల నుంచి. స్లైడు చూసేవాడి పని స్లైడుతో ఆగిపోనక్కర్లేదు.

---

పలాస_టు_రుషికొండ | బుధవారం, ఉదయం 10:50

నేను డాక్టర్‌ని కాదండీ, ఐటీలో చేస్తాను. వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది, చదివాక నిద్ర పట్టలేదు. మా అమ్మ అడ్డపొగ తాగుతుంది. మా అమ్మమ్మా తాగేది. ఊళ్లో అది ఎవరూ తప్పుగా చూడరు. జీడితోటల్లో పనికి వెళ్లేటప్పుడు గాలికి నిప్పు ఆరకుండా ఉంటుందని అంటారు.

అమ్మని ఇక్కడికి రమ్మంటే రాదు. ఒక ల్యాబ్ వాళ్లు ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటామని, ‘క్యాన్సర్ మార్కర్ల ప్యాకేజీ’ ఉందని చెప్తున్నారు. సీఈఏ, సీఏ-125, ఇంకా ఏవో. అది చేయిస్తే నోటి సంగతి కూడా తెలిసిపోతుందా?

---

మహారాణిపేట_మాస్టారు | బుధవారం, ఉదయం 11:30

తెలియదమ్మా. ఆ డబ్బు దాచుకుని బస్సు టికెట్ కొను.

ఇక్కడ మేం మాట్లాడుకునే పీ53, కేఐ-67 ముక్క మీద చూసేవి. ప్యాకేజీలో ఉన్నవి రక్తంలో చూసేవి. రెండింటినీ మార్కర్లు అనే అంటారు కాబట్టి అయోమయం సహజం. నోటి క్యాన్సర్ ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఆ ప్యాకేజీలో లేదు. సీఈఏని 1965లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో గుర్తించారు. దాని అసలు ఉపయోగం ఆపరేషన్ అయినవాళ్లలో జబ్బు తిరగబెడుతోందా అని చూసుకోవడం. పొగతాగేవాళ్లలో క్యాన్సర్ లేకపోయినా అది కొంచెం ఎక్కువే ఉంటుంది. మీ అమ్మగారికి సీఈఏ ఎక్కువ వస్తే మీరంతా హడలిపోతారు, సీటీ స్కాన్లకి పరిగెడతారు. తక్కువ వస్తే ఇంకా ప్రమాదం, ఏమీ లేదులే అని నోరు చూపించడం మానేస్తారు.

---

సీతమ్మధార_శ్రీ | బుధవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా ఆడపడుచుకి పొట్ట ఉబ్బి నీరు చేరింది. సీఏ-125 ఉండాల్సింది 35 లోపు, వందల్లో వచ్చింది. స్కాన్ చేసిన చోట అండాశయ క్యాన్సర్ కావచ్చన్నారు. ఇంట్లో ఏడుపులు, పొలం అమ్మే మాటలు కూడా నడిచాయి. తర్వాత ఇంకో డాక్టర్ గారు ముక్క తీయకుండా ఏమీ మొదలుపెట్టనన్నారు. పాథాలజీ రిపోర్టులో గ్రాన్యులోమాలు అని వచ్చింది, టీబీ! కడుపులో పొరకి పట్టిన టీబీ. ఆరు నెలల మందులతో తగ్గింది. ఇప్పుడు మామూలుగా ఉంది. అంకె చూసి ఎవరూ నిర్ణయానికి రావద్దు, దయచేసి.

---

గాజువాక_ఈఎన్‌టీ | బుధవారం, మధ్యాహ్నం 3:00

@పలాస_టు_రుషికొండ, అమ్మా, మీ అమ్మగారిని క్యాన్సర్ పరీక్షకి అని పిలవకండి, రారు. పంటి డాక్టర్‌కి చూపిద్దాం అనండి. నోరు చూపించడానికి వీళ్లకి చాలా సిగ్గు, మగ డాక్టర్ అయితే మరీ. లేడీ డాక్టర్ ఉన్న రోజు అడిగి వెళ్లండి. కట్టుడు పళ్లుంటే తీయించి చూడమనండి, దాని కింద దాక్కున్న మచ్చలు చూశాను. రెండు మూడు వారాలైనా మానని పుండు, గట్టిపడ్డ అంచు, ముక్కులోంచి మాట రావడం, వీటిలో ఏది ఉన్నా ఆగొద్దు.

---

ఇసుకతోట_పీజీ | శుక్రవారం, రాత్రి 8:45

పైలట్‌గా కొన్ని బ్లాకులు చేయించాను. కొత్త చిక్కు వచ్చింది. పొగ వల్ల వీళ్ల అంగిలి పొరలో మెలనిన్ చాలా ఉంది. అదీ గోధుమరంగే, ఐహెచ్‌సీలో వాడే డీఏబీ రంగు మరకా గోధుమరంగే. అడుగు వరుసలో ఉన్నది పీ53నా, మెలనిన్నా అని నలభై పవర్‌లో చూసినా కొన్నిచోట్ల తేల్చుకోలేకపోయాను. సరిగ్గా నేను చూడాల్సిన వరుస అదే.

---

మైక్రోటోమ్ | శుక్రవారం, రాత్రి 9:20

ప్రతి కేసుకీ ప్రైమరీ యాంటీబాడీ వేయకుండా ఒక నెగటివ్ స్లైడు పెట్టండి మేడమ్. అందులో కనిపించే గోధుమ అంతా మెలనినే. బాగా నల్లగా ఉన్న కేసులకి డీఏబీ బదులు ఏఈసీ వాడితే మరక ఎర్రగా వస్తుంది, మెలనిన్ గోధుమగానే ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఏఈసీ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అలవాటు కొద్దీ ఆల్కహాల్, జైలీన్ దాటించి డీపీఎక్స్‌తో మూసేస్తే మరక మొత్తం పోతుంది. నీళ్లతో కలిసే మీడియంతో మూయాలి, గ్లిజరిన్ జెల్లీ చాలు. అవి ఎక్కువకాలం నిలవవు, వెంటనే ఫొటోలు తీసుకోండి.

---

మహారాణిపేట_మాస్టారు | శుక్రవారం, రాత్రి 10:00

బాగా చెప్పారు. దానికి తోడు: పీ53 కేంద్రకంలో ఉంటుంది, మెలనిన్ కేంద్రకం చుట్టూ రేణువులుగా, తరచూ పైకి టోపీలా కూర్చుంటుంది. ఫైన్ ఫోకస్ తిప్పుతూ చూడు. ఈ చిక్కుని దాచకుండా మెథడ్స్‌లో ఒక పేజీ రాయి. అడ్డపొగ అంగిళ్ల మీద తర్వాత పనిచేసేవాళ్లకి నీ ఫలితాల కన్నా ఆ పేజీ ముందు పనికొస్తుంది.

---

పలాస_టు_రుషికొండ | తర్వాతి గురువారం, సాయంత్రం 7:10

అమ్మని తీసుకొచ్చాను. పంటి డాక్టర్ అనే చెప్పాను. ‘ఏటి తల్లీ, పళ్లు సూస్తానని అంగిలి సూస్తన్నావు’ అని లేడీ డాక్టర్ గారిని అడిగింది, కానీ నోరు మూయలేదు. తెల్లగా దళసరిగా ఉంది, ఒక పక్క చిన్న ఎర్ర మచ్చ. అక్కడి నుంచి ముక్క తీశారు. రిపోర్ట్: హైపర్‌కెరటోసిస్ (పైపొర దళసరెక్కడం), మైల్డ్ డిస్‌ప్లేజియా, ఇన్వేజన్ (లోపలికి పాకడం) లేదు. అడ్డపొగ మానెయ్యాలని, మూడు నెలలకి మళ్లీ రావాలని చెప్పారు. మానేస్తానని ఇంకా ఒప్పుకోలేదు. నేను మాత్రం వదలను.

ఒకటి అడగాలి. అమ్మ ముక్క మీ థీసిస్‌కి పనికొస్తే వాడుకోవచ్చా? నేను సరే అంటే సరిపోతుందా?

---

ఇసుకతోట_పీజీ | గురువారం, రాత్రి 8:00

చాలా సంతోషం అండీ, ఇన్వేజన్ లేదన్న మాట చదివి గట్టిగా ఊపిరి తీసుకున్నాను.

మీరు ఒప్పుకుంటే సరిపోదు, అమ్మగారినే అడగాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన తెలుగు పత్రం ఉంది, చదివి వినిపిస్తాను. ఒప్పుకోకపోయినా వైద్యంలో ఏ తేడా రాదని అందులో స్పష్టంగా ఉంది. వైద్యానికి అవసరమైన రిపోర్ట్ అంతా అయ్యాక మిగిలిన బ్లాకు నుంచే కోస్తాను. బ్లాకు, స్లైడ్లు ఎక్కడున్నాయో ఆ నంబరు మీ దగ్గర కూడా రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ ముక్క తీస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈఎన్‌టీ సార్, మీకో విన్నపం. ముక్కతో పాటు వచ్చే ఫారంలో ‘స్మోకర్’ అని ఒక్క మాటే ఉంటోంది. అడ్డపొగా మామూలు చుట్టా, ఎన్నేళ్ల నుంచి, నోట్లో ఏ పక్క పెట్టుకుంటారు, ముక్క అంగిలిలో ఎక్కడి నుంచి తీశారు, ఈ నాలుగూ మీ ఓపీ నుంచి రాసి పంపిస్తారా?

---

గాజువాక_ఈఎన్‌టీ | గురువారం, రాత్రి 8:25

పంపిస్తాను. సోమవారం నుంచి ఫారం వెనక అంగిలి బొమ్మ ముద్రించి, ముక్క తీసిన చోట గుర్తు పెట్టిస్తాను. బదులుగా శిబిరానికి నువ్వు కూడా రావాలి. మీరిద్దరూ మైల్డా మోడరేటా అని వాదించుకునే ఆ మచ్చలు అక్కడ నోట్లో ఎలా ఉంటాయో చూద్దువుగాని.

---

ఇసుకతోట_పీజీ | గురువారం, రాత్రి 8:31

తప్పకుండా వస్తాను సార్. ఫార్మలిన్ సీసాలు నేనే తెస్తాను.